తపాలా సంస్కరణ: లోటు లెక్కకు ముందు బాధ్యత లెక్క

2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టు అనే సేవ విడిగా లేదు. దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేశారు. కలిపామే తప్ప తీసేయలేదని తపాలాశాఖ వివరణ ఇచ్చింది. రిజిస్ట్రేషన్ కావాలనుకున్నవారు స్పీడ్ పోస్టు రుసుముపై మరో 5 రూపాయలు, పన్ను చెల్లించి ఆ సౌకర్యం పొందవచ్చునంది. మాట నిజమే. అయితే అంతకు ముందు సుమారు 26 రూపాయలతో మొదలైన పని ఇప్పుడు 60 రూపాయలు దాటింది. అక్టోబరు 1న అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం పొరుగూరికి పంపే 50 గ్రాముల లోపు కవరుకు 47 రూపాయలు, రిజిస్ట్రేషనుకు 5, ఆపైన పన్ను.

చిన్నదిగా కనిపించే ఈ మార్పును ముందుగా ప్రస్తావించడానికి కారణం ఉంది. తపాలా సంస్కరణ పేరిట దేశంలో ఏమి జరుగుతున్నదో ఇందులో స్పష్టంగా తెలుస్తుంది. ఒక సేవ ఎవరికి, ఎందుకు అవసరమో బహిరంగంగా అడగకుండానే దాన్ని మరో సేవలో కలిపారు. ఇందుకు పార్లమెంటు గడప తొక్కవలసిన అవసరం రాలేదు. సేవల నిర్వహణ తీరునూ, వాటి ధరనూ నిర్ణయించే అధికారాన్ని 2023 నాటి పోస్టాఫీసు చట్టం శాఖ డైరెక్టర్ జనరల్‌కే అప్పగించింది.

తపాలాను సంస్కరించాలా అన్న ప్రశ్నకు నా జవాబు తప్పక సంస్కరించాలనే. ఇప్పుడున్న తీరులో అది ఎంతో కాలం నిలవదు. కానీ క్రమం ముఖ్యం. దేశంలోని ప్రతి చిరునామాకూ రాజ్యం ఏమి బాకీ ఉందో మొదట చట్టంలో రాయాలి. ఆ బాకీ తీర్చడానికి ఎంత ఖర్చవుతుందో బడ్జెట్‌లో దాపరికం లేకుండా చూపాలి. మిగిలిన వ్యాపారమంతా ఆ తర్వాతి సంగతి. మన ప్రభుత్వాలు ఈ క్రమాన్ని తలకిందులు చేసి, వ్యాపారంతో మొదలుపెట్టి బాధ్యతను మాటమాత్రంగా మిగిల్చాయి.

రసీదు విలువ

ఢిల్లీలో తపాలా అంటే ఆదాయ వ్యయాల పట్టిక. సూరత్‌లోని సలాబత్‌పురా నుంచి చూస్తే అది వేరుగా కనిపిస్తుంది. రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లను ఆనుకుని ఉన్న పాతపేట ఇది. ఈ పేట చుట్టుపక్కలా, లింబాయత్ వైపు బస్తీల్లోనూ కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి బతకబోయి వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా మగ్గాల మీద పనిచేస్తున్నాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నడుపుతోందంటే ఇక్కడి తెలుగువారి ఉనికి ఏపాటిదో ఊహించవచ్చు.

మరమగ్గాల కార్ఖానాల్లో నియామక పత్రం ఇచ్చే ఆనవాయితీ అరుదు. మీటరు లెక్కన కూలి, నోటి మాట మీద లెక్క. కూలి ఎగ్గొట్టినా, యంత్రంలో పడి వేలు తెగినా, ఉన్నపళంగా పనిలోంచి తీసేసినా కార్మికుడి దగ్గర రుజువుగా చూపడానికి కాగితం ఉండదు. అతడు తనంతట తాను సృష్టించుకోగల మొదటి కాగితం యజమానికి రిజిస్టర్డ్ పోస్టులో పంపే నోటీసు. రెండవది, సంతకంతో తిరిగివచ్చే ఎక్నాలెడ్జ్‌మెంట్ కార్డు. సరైన చిరునామా రాసి, రుసుము కట్టి రిజిస్టర్డ్ పోస్టులో పంపిన కాగితం అవతలివారికి చేరినట్లే న్యాయస్థానం భావించాలని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ చెబుతున్నది. చేరలేదని రుజువు చేసుకోవలసిన భారం అవతలివారిది. ఈ సెక్షన్ ఇచ్చే బలం కూరియర్ కంపెనీ రసీదుకు లేదు.

అంటే ఆ కార్డు నిరుపేద కొనుక్కోగల అతి చవక న్యాయసాధనం. కార్ఖానా యజమాని, కాంట్రాక్టరు, కార్మికశాఖ అధికారి, న్యాయవాది అని పొరుగూళ్లలో ఉన్న నలుగురికి పంపితే పెరిగిన ఖర్చు నూట నలభై రూపాయలు. నెలజీతగాడికి అది లెక్కలోకి రాదు, మీటరు లెక్కన కూలి తీసుకునేవాడికి లెక్కే. సమాచార హక్కు దరఖాస్తుకు జతచేసే 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ కూడా ఇలాంటి సాధనమే. ఇక వారి సొంతూళ్లలో ఉండిపోయిన తల్లిదండ్రుల సంగతి చూస్తే, తెలంగాణ పల్లెల్లో ఆసరా పింఛన్ల పంపిణీ ఎక్కువగా బ్రాంచి పోస్టుమాస్టరు చేతి మీదుగానే సాగుతున్నది. వలస వెళ్లిన కొడుక్కూ ఊళ్లో ఉన్న తల్లికీ రాజ్యంతో ఉన్న లావాదేవీ పోస్టాఫీసు కిటికీ దగ్గరే జరుగుతున్నదన్నమాట.

టప్పావాలా నేర్పిన పాఠం

ఇంతమాత్రాన పాత తపాలా వ్యవస్థ సర్వం సవ్యంగా ఉండేదని వాదించడం నా ఉద్దేశం కాదు. అది తన ఖాతాదారులను ఎలా పోగొట్టుకున్నదో కూడా సూరతే చెబుతుంది.

ఈ నగరంలో మరమగ్గాల మీద పనిచేసే ఒడిశా వలస కార్మికుల్లో అత్యధికులు గంజాం జిల్లావారు. వారి కూలి డబ్బును ఇళ్లకు చేర్చడానికి టప్పావాలాలనే మధ్యవర్తుల వ్యవస్థ పుట్టింది. ఇక్కడ డబ్బు వసూలు చేసుకుని, రైలెక్కి, గంజాం పల్లెల్లో ఇంటింటికీ అందించి, అక్కడి కబుర్లు మోసుకొచ్చేవారు. ఆ పనికి కమిషన్ తీసుకునేవారు. ప్రభుత్వ హామీ లేదు, చట్టరక్షణ లేదు. అయినా కార్మికులు వారినే నమ్మారు. నిజాం కాలపు తెలంగాణలో పోస్టును టప్పా అనేవారు. తపాలా చేయవలసిన పనిని ఆ పేరుకు చుట్టమైన మనిషి చేశాడు.

ఎందుకిలా జరిగింది? మనియార్డరు రుసుము ప్రతి 20 రూపాయలకూ 1 రూపాయి, అంటే నూటికి 5. ఒక మనియార్డరులో 5,000కు మించి పంపడానికి వీలుండేది కాదు. ఫారం నింపాలి. పోస్టాఫీసు తెరిచే వేళలు కార్మికుడి పన్నెండు గంటల షిఫ్టుకు సరిపడవు. టప్పావాలా మాత్రం కూలి చేతికొచ్చే రోజున నేరుగా గది దగ్గరికే వచ్చేవాడు. తపాలా ఇక్కడ మొబైలు ఫోను రాకముందే, యూపీఐ పుట్టకముందే ఓడిపోయింది. తన ఖాతాదారు ఎప్పుడు లేస్తాడో, ఎప్పుడు పనికి పోతాడో, ఏ భాష చదవగలడో పట్టించుకోకపోవడం వల్ల ఓడిపోయింది. కనుక తపాలా కష్టాలన్నింటినీ సాంకేతిక విప్లవం ఖాతాలో రాయడం న్యాయం కాదు. సంస్కరణ అంటే కొత్త సాఫ్ట్‌వేరు అనుకునే అధికారులు ఈ ముక్కను గుర్తుపెట్టుకోవాలి.

లోటు అసలు స్వరూపం

తపాలాశాఖ ఏటా వేల కోట్ల రూపాయల లోటులో నడుస్తున్న మాట వాస్తవం. ఖర్చులో సింహభాగం జీతాలు, అలవెన్సులు, పింఛన్లదే. ఈ గణాంకాన్ని చూపించే ప్రతిసారీ చెప్పని సంగతులు రెండున్నాయి.

మొదటిది, శాఖ రాబడిలో అతిపెద్ద వాటా ఉత్తరాల నుంచో పార్సిళ్ల నుంచో రావడం లేదు. సేవింగ్స్ ఖాతాలనూ, పొదుపు సర్టిఫికెట్లనూ నిర్వహించినందుకు కేంద్ర ఆర్థికశాఖ చెల్లించే పారితోషికమే పెద్ద వాటా. ఆ పారితోషికం ఎంతో నిర్ణయించేదీ ప్రభుత్వమే. ఒక చేత్తో ధర నిర్ణయించి, ఇంకో చేత్తో నష్టాన్ని లెక్కగట్టి చూపిస్తున్నారు. రెండవది, పోస్టుకార్డు అర్ధరూపాయి, ఇన్‌లాండు లెటరు రెండున్నర రూపాయలు అన్న ధరలు ఏళ్ల తరబడి కదలలేదు. ఖర్చులో చిన్న భాగమూ రాని ఆ ధరను పెంచే ధైర్యం ఏ ప్రభుత్వానికీ లేదు. పెంచకుండా ఉండటం సామాజిక విధానమైతే, దాని ఖర్చును బడ్జెట్‌లో సామాజిక పద్దుగానే రాయాలి. శాఖ అసమర్థతగా రాయకూడదు. గ్రామీణ సడక్ యోజన కింద పల్లెకు వేసిన రోడ్డు ఈ ఏడాది ఎంత నష్టం తెచ్చిందని ఎవరైనా అడుగుతున్నారా?

స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో 23,344 పోస్టాఫీసులుండేవి. నేడు 1,64,000కు పైగా ఉన్నాయి. దాదాపు 90 శాతం పల్లెల్లోనే. ప్రపంచంలో ఇంత పెద్ద తపాలా యంత్రాంగం మరొకటి లేదు. లాభం చూసుకుని ఏ కంపెనీ ఇన్ని కార్యాలయాలు తెరవదు. విధానపరంగా తెరిచిన వాటిని లాభం కొలతతో కొలిస్తే మూసివేత తప్ప మరో జవాబు రాదు.

చట్టం ఏమి ఇచ్చింది, ఏమి తీసుకుంది

1898 నాటి వలసకాలపు చట్టం స్థానంలో వచ్చిన పోస్టాఫీసు చట్టాన్ని లోక్‌సభ 2023 డిసెంబరు 18న ఆమోదించింది. ఉభయ సభల నుంచి 78 మంది ప్రతిపక్ష సభ్యులు సస్పెండైన రోజది. 2024 జూన్ 18న చట్టం అమల్లోకి వచ్చింది. నూటపాతికేళ్ల నాటి శాసనాన్ని మార్చడం అవసరమే. మార్చిన తీరును పరిశీలించాలి.

ఉత్తరాల రవాణాపై ప్రభుత్వానికున్న గుత్తాధికారం పోయింది. తపాలా బిళ్లలు జారీచేసే ప్రత్యేక హక్కు మిగిలింది. గుత్తాధికారం ఎప్పుడో కాగితానికే పరిమితమైంది కనుక అందులో బాధపడవలసింది లేదు. కానీ గుత్తాధికారానికి బదులుగా పౌరుడికి రాజ్యం ఒక సేవ బాకీ ఉంటుందన్నది తపాలా చరిత్రలో మౌలికమైన ఒప్పందం. గుత్తాధికారం రద్దైన రోజున ఆ సేవ ఏమిటో, ఎన్ని రోజుల్లో, ఎంత ధరకు, ఎంత దూరం అందాలో చట్టంలో రాసుండాలి. రాయలేదు. స్వతంత్ర నియంత్రణ సంస్థనూ ఏర్పాటు చేయలేదు.

బాధ్యత విషయంలోనూ అంతే. నిబంధనల్లో ప్రత్యేకంగా చెప్పినంత మేరకు తప్ప, అందించిన సేవకు పోస్టాఫీసుకు ఏ బాధ్యతా ఉండదని చట్టం అంటోంది. ప్రైవేటు కూరియర్‌ను వినియోగదారుల కమిషన్‌కు ఈడ్చవచ్చు. పోస్టాఫీసు మాత్రం ఆ నిబంధనల చాటున నిలబడవచ్చు. ఉత్తరాన్ని అక్రమంగా తెరిచిన తపాలా ఉద్యోగికి పాత చట్టంలో జైలుశిక్ష ఉండేది. కొత్త చట్టంలో ఆ నేరమే లేదు. మరోవైపు భద్రత, శాంతిభద్రతలు, అత్యవసర పరిస్థితి వంటి కారణాలతో వస్తువులను అడ్డగించే అధికారం మాత్రం పదిలంగా ఉంది. టెలిఫోను సంభాషణలు వినడానికి సుప్రీంకోర్టు 1996లో పీయూసీఎల్ కేసులో విధించినటువంటి కట్టుబాట్లేవీ ఈ చట్టంలో కనిపించవు.

ఇక్కడ ఒక పాత ఘట్టం గుర్తుచేసుకోవాలి. 1986లో పోస్టాఫీసు సవరణ బిల్లు ఉభయ సభల ఆమోదం పొంది రాష్ట్రపతి జ్ఞానీ జైల్‌సింగ్ ముందుకు వెళ్లింది. ఉత్తరాలను అడ్డగించేందుకు ప్రభుత్వానికి విస్తృత అధికారం ఇస్తున్న ఆ బిల్లుపై ఆయన సంతకం చేయలేదు, తిప్పి పంపనూ లేదు. అది చివరికి చట్టం కాలేదు. నాడు దేశమంతా చర్చించిన ప్రశ్న 2023లో దాదాపు చర్చ లేకుండానే దాటిపోయింది.

మెట్టు దిగువన ఉన్న మనిషి

తపాలా గురించి ఎవరు మాట్లాడినా గ్రామీణ డాక్ సేవకులను పొగుడుతారు. 2025 ఫిబ్రవరి 1 నాటి బడ్జెట్ ప్రసంగంలో ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ 2.4 లక్షల మంది డాక్ సేవకులనూ, లక్షన్నర గ్రామీణ పోస్టాఫీసులనూ గ్రామీణ ఆర్థిక వ్యవస్థకు చోదకశక్తిగా మారుస్తామన్నారు. ఇండియా పోస్ట్‌ను పెద్ద ప్రభుత్వ రవాణా సంస్థగా తీర్చిదిద్దుతామన్నారు.

ఆ 2.4 లక్షల మంది ప్రభుత్వోద్యోగులు కారు. రోజుకు నాలుగైదు గంటల పనికి వేతనం అనికూడా అనని ఒక భృతి తీసుకుంటారు. 2018 సవరణలో బ్రాంచి పోస్టుమాస్టరు కనీస భృతి పనిగంటలను బట్టి 12,000 లేదా 14,500 రూపాయలు. మిగతా సేవకులకు 10,000 లేదా 12,000. కమలేష్ చంద్ర కమిటీ 2016 నవంబరులో నివేదిక ఇచ్చినా, 2018 మే 22న సమ్మెకు దిగాకే కేంద్ర మంత్రివర్గం జూన్ 6న ఆ సవరణను ఆమోదించింది. పోస్టాఫీసు నడపడానికి చోటు పోస్టుమాస్టరే చూపించాలి. బతకడానికి మరో ఆదాయ మార్గం ఉన్నట్లూ చూపించాలి. అటువంటివారు పౌరపదవుల్లో ఉన్నవారేనని రాజమ్మ కేసులో సుప్రీంకోర్టు 1977లోనే చెప్పింది. అయినా రెగ్యులర్ ఉద్యోగుల పింఛను వారికి లేదు.

ఈ మనిషి చేత ఇప్పుడు ఉత్తరాల బట్వాడాతో పాటు ఖాతాలు తెరిపిస్తున్నారు, బీమా పాలసీలు అమ్మిస్తున్నారు, వేలిముద్రలు తీయించి డబ్బు ఇప్పిస్తున్నారు. 2018 సెప్టెంబరు 1న మొదలైన పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు గడపగడపకూ నడుస్తున్నది అతని కాళ్ల మీదనే. లక్ష్యాల పేరిట ఒత్తిడి పెరిగిందని సంఘాలు మొరపెట్టుకుంటూనే ఉన్నాయి.

పరాయి అనుభవాలు

డెన్మార్క్‌లో నాలుగు శతాబ్దాల చరిత్ర ఉన్న ప్రభుత్వ తపాలా 2025 డిసెంబరు 30న ఉత్తరాల బట్వాడా పూర్తిగా ఆపేసింది. ఈ వార్తను ఇక్కడ కొందరు తమ వాదానికి ఆధారంగా చూపుతున్నారు. ప్రభుత్వ లేఖలన్నీ పౌరుడి డిజిటల్ పెట్టెకే చేరే, సుమారు 60 లక్షల జనాభా గల దేశమది. అక్కడ కూడా ఉత్తరాలు అందించే పనిని ప్రైవేటు సంస్థ చేపట్టింది. వేలిముద్ర పడక రేషన్ ఆగిపోయే దేశం ఆ దారి పట్టలేదు.

మనకు దగ్గరి పాఠం జపాన్‌ది. 2005లో ప్రధాని కొయిజుమి తపాలా ప్రైవేటీకరణనే ఎన్నికల అంశంగా చేసుకుని గెలిచారు. 2007 అక్టోబరులో సంస్థను నాలుగు కంపెనీలుగా విడదీశారు. బట్వాడా, కౌంటరు సేవలను విడదీయడం పనికిరాదని తేలి 2012లో ఆ రెండింటినీ మళ్లీ కలిపారు. 2019లో ఆ సంస్థ బీమా విభాగం వృద్ధులకు తగని పాలసీలు అంటగట్టిన వ్యవహారం బయటపడింది. పోస్టుమ్యాన్‌పై పల్లెకున్న నమ్మకాన్ని అమ్మకాల లక్ష్యంగా మార్చితే ఏమవుతుందో అక్కడ చూశారు. మనం అదే దారిలో మొదటి అడుగులు వేస్తున్నాం.

బ్రిటన్‌లో హొరైజన్ అనే సాఫ్ట్‌వేరు తప్పుడు లెక్కలు చూపగా, డబ్బు కాజేశారంటూ వందలాది సబ్ పోస్టుమాస్టర్లను దోషులుగా నిలబెట్టారు. వారిని నిర్దోషులుగా ప్రకటించడానికి 2024లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేయవలసి వచ్చింది. మన శాఖ 2025లో దేశవ్యాప్తంగా కొత్త సాంకేతిక వేదికకు మారింది. మారుమూల పల్లెలో నగదు తేడా వస్తే తప్పు యంత్రానిదా మనిషిదా అని తేల్చే స్వతంత్ర వ్యవస్థ మనకూ కావాలి.

చేయవలసినది

నా అభిప్రాయంలో సంస్కరణ ఈ వరుసలో సాగాలి.

మొదట, 2023 చట్టాన్ని సవరించి సార్వత్రిక సేవను నిర్వచించాలి. ప్రతి చిరునామాకూ వారంలో ఎన్నిసార్లు బట్వాడా, ఉత్తరం చేరడానికి గరిష్ఠ గడువు, పొదుపు సేవ ఎంత దూరంలో ఉండాలన్నది అందులో ఉండాలి. చట్టబలం గల రసీదుతో కూడిన చవక సేవ కూడా ఆ నిర్వచనంలో భాగం కావాలి. పల్లె బట్వాడాను రోజూ కాక రోజు విడిచి రోజు చేయాలంటే అది కూడా అక్కడే, బహిరంగ చర్చ తర్వాతే తేలాలి. దానికి నేను వ్యతిరేకిని కాను.

రెండు, ఆ సేవకయ్యే ఖర్చును సాధారణ బడ్జెట్ నుంచి విడి పద్దుగా ఇవ్వాలి. ఆ మొత్తాన్నీ, ఆర్థికశాఖ ఇచ్చే పారితోషికాన్నీ స్వతంత్ర నియంత్రణ సంస్థ లెక్కగట్టాలి. వ్యాపార సేవల్లో నష్టం వస్తే అప్పుడు శాఖను నిలదీయవచ్చు.

మూడు, పార్సిళ్లు, ఎగుమతి సేవలకు ప్రభుత్వ యాజమాన్యంలోనే స్వేచ్ఛ గల సంస్థను ఏర్పరచాలి. వ్యాపారాలను హోల్డింగ్ కంపెనీ కిందికి తేవాలని 2014లో టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ అధ్యక్షతన ఏర్పడిన టాస్క్‌ఫోర్స్ చెప్పిన దానిలో సారం ఉంది. ఉద్యోగ సంఘాలు దీన్ని ప్రైవేటీకరణకు తొలిమెట్టుగా చూస్తున్నాయి. సార్వత్రిక సేవ చట్టంలో భద్రంగా ఉంటే ఆ భయం తగ్గుతుంది. అవకాశం ఎంత ఉందో సూరత్‌లోనే చూడవచ్చు. చీరల మూటలు దేశం నలుమూలలకూ ఇక్కడి నుంచే కదులుతాయి. రైల్వే, తపాలాశాఖల ఉమ్మడి పార్సిల్ సేవను 2022 మార్చి 31న ప్రయోగాత్మకంగా సూరత్–వారణాసి మార్గంలోనే ప్రారంభించారు. వ్యాపారి గుమ్మం ముందు మూట ఎత్తుకుని, పల్లె గుమ్మం ముందు దించగల యంత్రాంగం మరెవరి దగ్గరా లేదు.

నాలుగు, డాక్ సేవకులను రెగ్యులర్ సర్వీసులోకి దశలవారీగా తీసుకోవాలి. పని పెంచి హోదా పెంచకపోవడం సంస్కరణ కాదు. బీమా, ఖాతాల అమ్మకాలను లక్ష్యాల నుంచి తప్పించాలి.

ఐదు, ఉత్తరం గోప్యతకు చట్టరక్షణ తిరిగి ఇవ్వాలి. పోగొట్టిన, ఆలస్యం చేసిన సేవకు పౌరుడు పరిహారం కోరగలగాలి.

ఇంతకూ ఈ రోజుల్లో ఉత్తరాలు ఎవరు రాస్తున్నారని అడిగేవారుంటారు. క్షేమసమాచారాల ఉత్తరం వెళ్లిపోయింది, తిరిగి రాదు. కానీ ఆధార్ కార్డు, ఏటీఎం కార్డు, కోర్టు సమను, పుస్తకం, మందుల పొట్లం ఇంకా గుమ్మం దాకా రావలసినవే. అన్నీ ఫోనులో దొరికేవాడికి పోస్టాఫీసు లేకపోయినా గడుస్తుంది. లేనివాడి తరఫున లెక్క చూడటమే ప్రభుత్వం పని.

ఈ విషయంలో తెలుగు ప్రజాప్రతినిధులకు ప్రత్యేక బాధ్యత ఉంది. కమ్యూనికేషన్ల శాఖలో సహాయమంత్రిగా గుంటూరు ఎంపీ పెమ్మసాని చంద్రశేఖర్ ఉన్నారు; గ్రామీణాభివృద్ధి శాఖ సహాయమంత్రీ ఆయనే. పల్లె, పోస్టు రెండూ ఒకే మనిషి బల్ల మీద కలిసే సందర్భం తరచుగా రాదు. రెండు తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభకు 42 మంది వెళ్లారు. వారిలో ఒక్కరైనా 2023 చట్టంలో సార్వత్రిక సేవ నిర్వచనం ఎందుకు లేదని సభలో అడగాలి. ఆ జవాబు రికార్డులోకి ఎక్కితే, సలాబత్‌పురాలో అరవై రూపాయలు లెక్కపెట్టుకుని నోటీసు పంపే కార్మికుడి ప్రశ్నకు ప్రభుత్వం మొదటిసారి రసీదు ఇచ్చినట్లవుతుంది.